సైటేషన్ లెక్కల్లో కనిపించని ఇంపాక్ట్‌ని ఎలా చూపించాలి?

అందరికీ నమస్తే, హెచ్‌సీఐ (మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య ఇంటరాక్షన్) రీసెర్చ్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త హెల్ప్ చేయండి. ఈ ఫీల్డ్‌లో పేరున్న కంప్యూటర్ సైంటిస్ట్ బెన్ ష్నైడర్‌మన్ రీసెర్చ్ ఇంపాక్ట్ మీద ఒక రిపోర్ట్ రాస్తున్నా, మా గైడ్ ఏమో హెచ్-ఇండెక్స్ (ఎన్ని పేపర్లకి ఎన్ని సైటేషన్లు వచ్చాయో బట్టి వేసే స్కోరు), సైటేషన్ టేబుల్ (ఆయన పేపర్లని వేరేవాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో చూపే పట్టిక) పెట్టేస్తే చాలంటున్నారు, నాకైతే అది సగం కథే అనిపిస్తోంది.

ఉదాహరణకి ట్రీమ్యాప్ తీసుకోండి. 1990లో మేరీల్యాండ్ యూనివర్సిటీ ల్యాబ్‌లో అందరూ వాడే 80 ఎంబీ హార్డ్ డిస్క్ నిండిపోతుంటే, ఏ ఫైల్ ఎంత చోటు తింటోందో ఒక్క చూపులో తెలియాలని, సైజుని బట్టి పెద్దా చిన్నా డబ్బాలు గీసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు విన్‌డిర్‌స్టాట్ లాంటి డిస్క్ టూల్స్, స్టాక్ మార్కెట్ మ్యాపులు, చివరికి ఎక్సెల్‌లో కూడా అదే చార్ట్, కానీ వాడేవాళ్లలో ఆయన పేపర్ సైట్ చేసేదెవరు చెప్పండి! 1980ల మొదట్లో ఆయన పేరు పెట్టిన డైరెక్ట్ మ్యానిప్యులేషన్ (కమాండ్లు టైప్ చేయకుండా స్క్రీన్ మీది వస్తువుల్నే నేరుగా కదిలించే పద్ధతి) కూడా అంతే, ఫైల్‌ని లాగి ఫోల్డర్‌లో పడేసే ప్రతివాడూ దాన్నే వాడుతున్నాడు.

ఇలాంటిదాన్ని ఆధారాలతో ఎలా చూపిస్తారు? పేటెంట్లలో వచ్చిన సైటేషన్లు, సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో ప్రస్తావనలు లెక్కలోకి తీసుకోవచ్చా? ఇంకోటి, ఈ ఫీల్డ్‌లో కాన్ఫరెన్స్ పేపర్లే ముఖ్యం కదా, సైటేషన్లు లెక్కపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఒక నంబరు, అలాంటిదే అయిన స్కోపస్ డేటాబేస్‌లో ఇంకో నంబరు వస్తోంది, ఏది పెట్టాలి? ఆయన టెక్స్ట్‌బుక్‌కి వచ్చిన సైటేషన్లు విడిగా చూపించడం బెటరా? ఇలాంటి రిపోర్ట్ చేసినవాళ్లు ఉంటే ఏ పద్ధతి వాడారో చెప్పండి ప్లీజ్.