దద్దుర్లు ‘వచ్చాయి’ అంటారా, ‘లేచాయి’ అంటారా?

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. ‘దద్దుర్లు’ పక్కన మీరు ఏ క్రియ వాడతారో తెలుసుకోవాలని ఉంది. మా ఇంట్లో ‘లేచాయి’ అంటాం. ‘తేలాయి’ అనేవాళ్ళనూ విన్నాను. ఈమధ్య రాతల్లో మాత్రం ఎక్కడ చూసినా ‘వచ్చాయి’ అనే ఉంటోంది, లేదంటే అన్నిటికీ కలిపి ‘స్కిన్ ఎలర్జీ’.

నేను చాలాకాలంగా దద్దుర్లతో బతుకుతున్నాను, అందుకే ఈ తేడా పట్టించుకుంటున్నాను. రాత్రి ఒళ్ళంతా లేచి నిద్ర పట్టనివ్వవు. పొద్దున డాక్టరు ముందు కూర్చునేసరికి చర్మం మీద ఏమీ ఉండదు. ఇక చెప్పుకోవడానికి మాటలే మిగులుతాయి. ‘దురదగా ఉంది’ అంటే గజ్జి కావచ్చు, తామర కావచ్చు, చెమటకాయలు కావచ్చు. ‘లేచాయి, కాసేపటికి అణిగిపోయాయి, ఇంకోచోట లేచాయి’ అంటే డాక్టరుకు వెంటనే అర్థమవుతుంది. ఒక్కొక్క దద్దు సాధారణంగా 24 గంటల్లోపే మచ్చ మిగల్చకుండా అణిగిపోతుంది. తామర అలా కాదు, ఉన్నచోటే ఉండి అంచులు పెంచుకుంటూ పోతుంది. ‘వచ్చాయి’ అనే మాటలో ఈ తేడా అంతా పోతోందని నా బాధ. మీ వాడుకలు చెప్పండి.

జవాబు

మా వైపు దురదను ‘తీట’ అంటామండి. దద్దులు మాత్రం ‘లేచినయి’ అనే అంటాం. ‘పోసింది’ అనే మాట ఆటలమ్మకే. మా నాయనమ్మ ఈ రెండు క్రియల్ని ఎప్పుడూ కలిపేది కాదు. పోసింది అంటే పొక్కై, పక్కుకట్టి, రాలేదాకా ఉంటుంది. లేచింది అంటే పూటలో పోతుంది.

జవాబు

‘దద్దుర్లు’ అనే మాట వినగానే సంస్కృతంలోని ‘దద్రు’ గుర్తొస్తుంది. హిందీ ‘దాద్’ దానినుంచే వచ్చింది. కానీ ఆ రెండింటికీ అర్థం తామర. ఇది మాటల ముచ్చటగా వదిలేయకండి. ‘దాద్’కు అని రాసి ఉన్న మలాం చూసి, పేరు దగ్గరగా ఉంది కదా అని దద్దుర్లకు పూస్తే ప్రయోజనం లేదు. తామర ఫంగస్ వల్ల పుడుతుంది. దద్దుర్లకూ ఫంగస్‌కూ సంబంధం లేదు, అంటుకునే జబ్బు కూడా కాదు. ఇంట్లో ఒకరికి దద్దుర్లు లేస్తే తువ్వాలు వేరుచేసి దూరం పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది చాలా అన్యాయం.

జవాబు

ఆయుర్వేదంలో దీన్ని ‘శీతపిత్తం’ అంటారు కదా మేడం. మాధవనిదానం అనే పాత వైద్యగ్రంథంలో దీని వర్ణన ‘వరటీదష్ట సంస్థానః శోథః’ అని ఉంది. వరటి అంటే కందిరీగ. కందిరీగ కుట్టినట్టు పైకి లేచే వాపు, దురదా పోటూ ఎక్కువగా ఉంటాయని. ఇంత తక్కువ మాటల్లో ఇంత కచ్చితమైన వర్ణన నేను వేరే ఎక్కడా చదవలేదు.

పోస్టు పెట్టినవారు

మాస్టారూ, చాలా మంచి మాట గుర్తుచేశారు. డాక్టర్లు అనే ‘అర్టికేరియా’ కూడా ఇలాంటి పోలికే. లాటిన్‌లో ‘అర్టికా’ అంటే ముట్టుకుంటే ఒళ్ళు మండించే ఒక మొక్క, మన దురదగొండి లాంటిది. వాళ్ళకు మొక్క తోచింది, మనవాళ్ళకు కందిరీగ తోచింది. నాకు ఒళ్ళు పులకరించే సంగతి ఏమిటంటే, ఆ మొక్క నూగులో హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది, కందిరీగ విషంలోనూ ఉంటుంది. దద్దుర్లు లేచేదీ దానివల్లే. చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదిలితే సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరి, చర్మం ఉబ్బుతుంది, నరాల కొసలకు దురద పుడుతుంది. హిస్టమిన్ సంగతి తేలింది ఇరవయ్యో శతాబ్దంలో. అంతకు ఎంతో ముందే కేవలం కంటితో చూసి, చేత్తో తడిమి, రెండు భాషలవాళ్ళూ సరైన చోటే పోలిక వెతుక్కున్నారు.

జవాబు

అక్కా, నాకో సందేహం. నాకు వాటంతట అవి లేవవు. గోకినచోటే, సంచి పట్టీ ఒరుసుకున్నచోటే గీత గీసినట్టు ఎర్రగా తేలుతుంది, అరగంటలో పోతుంది. దీన్నీ దద్దుర్లు అనే అనాలా?

పోస్టు పెట్టినవారు

దానికి ‘వాతలు తేలాయి’ అన్న పాత మాట బాగా సరిపోతుందమ్మా. బెత్తంతో కొడితే తేలేవాటిని వాతలు అంటాం కదా. వైద్యంలో దాని పేరు డెర్మోగ్రాఫిజం, అంటే చర్మం మీద రాత. దద్దుర్ల జాతిలోదే. కొందరికి చల్లగాలి తగిలితే, కొందరికి ఒళ్ళు వేడెక్కి చెమట పడితే లేస్తాయి. వదులైన బట్టలు వేసుకో, వేణ్ణీళ్ళ స్నానం తగ్గించు, గోకడానికి బదులు తడిగుడ్డ పెట్టుకో. చల్లదనం పడనివాళ్ళకు మాత్రం తడిగుడ్డ పనికిరాదు. ఒళ్ళునొప్పులకని ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుంటుంటే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పు. కొందరిలో అవి దద్దుర్లను రేపుతాయి.

‘గోక్కోకు’ అని ఎవరైనా విసుక్కుంటే మనసుకు తీసుకోకు. నోటి దురద, చేతి దురద అంటూ మన భాష దురదను బుద్ధిలోపంగా చూసే నుడికారాలు చేసుకుంది. అందుకే కాబోలు, నిజంగా దురదతో అల్లాడేవాళ్ళకు కూడా ఓర్పు లేదన్న నింద తప్పడం లేదు.

జవాబు

ఇంకో క్రియ కూడా చేర్చండి, ‘ఉబ్బడం’. దద్దుర్లు చర్మం పైపొరల్లో లేస్తాయి. అదే వాపు లోపలి పొరల్లో వస్తే పెదవులు, కనురెప్పలు ఉబ్బుతాయి. నాలుక ఉబ్బినా, గొంతు పట్టేసినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. అక్కడ ఇవ్వాల్సిన మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, దురద మాత్ర కాదు. అలాగే ఒకేచోట 24 గంటలు దాటి ఉండి, దురదకన్నా నొప్పి ఎక్కువై, కమిలిన మచ్చ మిగిల్చితే అవి మామూలు దద్దుర్లు కాకపోవచ్చు. అప్పుడు ‘లేచి అణిగాయి’ అని చెప్పకూడదు, చూసింది చూసినట్టు చెప్పాలి.

జవాబు

మందు గురించి ఏ మాట వాడాలి మేడం? మా అమ్మకు సెట్రిజిన్ వేసిన రోజు ‘తగ్గాయి’, మర్నాడు ‘మళ్ళీ వచ్చాయి, మందు పనిచేయలేదు’ అంటుంది. ఏం తిన్నదో వెతకడంతోనే సరిపోతోంది. ఒక్కొక్కటిగా అన్నీ మానేసింది, చిక్కిపోయింది.

పోస్టు పెట్టినవారు

అమ్మగారి అవస్థ నాకు బాగా తెలుసు. ‘తగ్గించే మందు’ అనకండి, ‘లేవనివ్వని మందు’ అనండి. హిస్టమిన్ పోయి తగులుకునే చోటును అది ముందే పట్టుకుని కూర్చుంటుంది. అందుకే ఆరు వారాలు దాటి సాగే దద్దుర్లకు లేచినప్పుడు ఒకటి వేసుకోవడం కాకుండా రోజూ వేసుకోమంటారు. చాలకపోతే మోతాదును నాలుగింతల దాకా పెంచే పద్ధతి ఉంది, కానీ అది డాక్టరే పెంచాలి. అప్పటికీ లొంగనివాటికి ఒమలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది.

తిండి మాన్పించడం మాత్రం దయచేసి ఆపించండి. ఇంతకాలం సాగే దద్దుర్లలో చాలామందికి బయటి కారణమేదీ దొరకదు, తిండి కారణం కావడం అరుదు. ‘ఏదో పడలేదు’ అనే మాట నోటికి తేలిగ్గా వస్తుంది. ఆ ఒక్క మాటతో మనిషి భోజనం ముందు భయపడుతూ కూర్చుంటుంది. లేచినప్పుడల్లా ఫోన్‌లో ఫొటో తీసి, ఎన్ని గంటలకు లేచిందో, ఎప్పుడు అణిగిందో కింద రాసి పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికి అవి తీసుకెళ్ళండి.