కోతలతో వచ్చిన డిస్క్ కొనాలా, పూర్తిది వచ్చేదాకా పంతం పట్టాలా?

పాతకేసెట్:
చిన్నప్పుడు టీవీలో చూసిన పిల్లల షోలను డిస్కుల మీద తెమ్మని కంపెనీలకు పిటిషన్లు పెట్టే గుంపులు రెండింటిలో ఉన్నాను. రెండు చోట్లా ఒకటే తగువు. "ఒక్క సెకను కొయ్యకూడదు, ఒక్క పాట మార్చకూడదు, అలాగైతేనే కొంటాం" అని మొదటి లైన్లోనే రాయాలంటారు సగం మంది. అలా రాస్తే అవతలివాళ్లు రెండో లైను చదవరని మిగతా సగం. నేను ఈ రెండో బ్యాచ్.

ఎందుకో చెప్తా. డెబ్బైలు, ఎనభైలలో షో తీసినవాళ్లు చాలామంది పాటకి డబ్బు కట్టింది టీవీ ప్రసారం వరకే. జనం సీజన్లకి సీజన్లు ఇంటికి కొనుక్కెళ్లి చూస్తారన్న ఊహే అప్పటి ఒప్పందాల్లో చాలావాటిలో లేదు. ఇప్పుడు డిస్క్ వెయ్యాలంటే పాట రాసినవాళ్లు, పబ్లిషరు, రికార్డింగ్ హక్కులున్న కంపెనీ, ఇలా ఒక్కో పాటకీ బేరం మళ్లీ మొదటినుంచి. చేత్తో ఆడించే బొమ్మలు పాటలూ జోకులూ చేసే మప్పెట్ షోనే తీసుకోండి. 1976 నుంచి 1981 దాకా 120 ఎపిసోడ్లు, వారానికో గెస్టు, గెస్టుకో పాట, బొమ్మలకి ఇంకో రెండు. మొదటి మూడు సీజన్లు 2005, 2007, 2008లో డీవీడీలుగా వచ్చాయి, మొదటి సీజన్లో కొన్ని పాటలు ఎగిరిపోయాయి. ఆ వరసలో నాలుగు, ఐదు సీజన్లు రానేలేదు. అమ్మకాలు ఇంకా బాగుంటే వచ్చేవా అంటే నేను రాసివ్వలేను గానీ, కొనకుండా అలిగి కూర్చుంటే మాత్రం కచ్చితంగా వచ్చేవి కావు కదా.

రీలుపిచ్చి:
అన్నా, అలగడం అని అంత తేలిగ్గా తీసెయ్యకండి. నేను కొన్న ఒక బొమ్మల షో సెట్ సంగతి చెప్తా, పేరెందుకులెండి. మా పాపని పక్కన కూర్చోబెట్టుకుని వేశాను. పధ్నాలుగో నిమిషంలో ఒక బొమ్మ పియానో దగ్గరికొచ్చి, స్టూలు సర్దుకుని, గొంతు సవరించుకుని నోరు తెరిచింది. తర్వాతి షాట్‌లో అందరూ చప్పట్లు. పాప నా మొహం చూసి "ఏం చేసిందని కొడుతున్నారు నాన్నా?" అంది.

అటక మీంచి పాత క్యాసెట్ దింపి చూశాను. పాట రెండు నిమిషాల చిల్లర. చివర్లో పియానో మూత వేళ్ల మీద పడుతుంది, ఇక ఎపిసోడ్ అయిపోయేదాకా ఆ బొమ్మ చేతికి కట్టుతోనే తిరుగుతుంది. డిస్కులో ఆ కట్టు ఎక్కణ్నుంచి ఊడిపడిందో దేవుడికే తెలియాలి. డబ్బా మీద మాత్రం పెద్దక్షరాల్లో "పూర్తి సీజన్".

నా భయం ఆ రెండు నిమిషాల గురించి కాదు. ఒకసారి కోసిన కాపీ బయటికొస్తే అదే అసలు కాపీ అయి కూర్చుంటుంది. రేపు ఇంకెవరికైనా అమ్మాలన్నా, ఆన్‌లైన్లో పెట్టాలన్నా చేతికి అందేది అదే. మనం కొన్నామంటే ఇది చాలు అని చెప్పినట్టే.

లైసెన్సులగోల:
హక్కుల కాగితాలు చూసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి ఒక మాట. "పూర్తిగా లేదా అసలొద్దు" అంటే చాలా షోల విషయంలో రెండోదే ఖాయం. మప్పెట్ బేబీస్ చూడండి, 1984 నుంచి 1991 దాకా వచ్చిన కార్టూన్. పిల్ల బొమ్మలు ఆడుకుంటూ ఊహల్లోకి వెళ్తే ఆ ఊహ స్థానంలో నిజమైన సినిమా ముక్కలు వస్తాయి, స్టార్ వార్స్ లాంటివి కూడా. షో అందమే అది. ఒక్కో ముక్కకీ ఒక్కో యజమాని. అనుమతులన్నీ తెచ్చుకుంటే ఖర్చు తడిసి మోపెడు, అవి తీసేస్తే మిగిలేది తలుపు తీసి బిత్తరచూపులు చూసే పిల్లలు. ఇలాంటిదాన్ని కోయమని నేనూ అనను. కానీ నేపథ్యంలో రేడియోలో మోగే పాటని మార్చినందుకు కూడా బాయ్‌కాట్ అంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకోటి, అన్నీ పాటల గొడవలే కాదు. పిల్లలు పడిచచ్చిన 1966 నాటి బ్యాట్‌మ్యాన్ సీరియల్ తీసిన కంపెనీ ఒకటి, పాత్ర హక్కులున్న కంపెనీ ఇంకొకటి. డిస్కులు 2014లో గానీ రాలేదు. వాళ్లిద్దరి లెక్క తేలేదాకా మనం ఎన్ని సంతకాలు పెట్టినా అంతే.

రెండోరీల్:
నాకు తెలియక అడుగుతున్నా, ఇంకా డిస్కులెందుకండి? పైన చెప్పిన మప్పెట్ షో ఐదు సీజన్లూ 2021 ఫిబ్రవరిలో డిస్నీ ప్లస్‌లోకి వచ్చేశాయి కదా, ఒకటి రెండు ఎపిసోడ్లు తప్ప.

పాతకేసెట్:
వచ్చాయి, సంతోషం. వచ్చినవి పోవని ఎవరు చెప్పారు? 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే స్ట్రీమింగ్ యాప్ నుంచి, చిన్నపిల్లల షో సెసమీ స్ట్రీట్ పాత ఎపిసోడ్లు దాదాపు 200 తీసేశారు. పిల్లాడికి రాత్రి చూపించింది పొద్దున లేదు. అలమారలో ఉన్న డిస్కుని ఎవరూ దూరం నుంచి నొక్కి మాయం చెయ్యలేరు.

చివరిబెంచి:
అందరూ పిల్లల కోసం పిల్లల కోసం అంటున్నారు, కాస్త నిజం మాట్లాడుకుందాం. 2006లో సెసమీ స్ట్రీట్ తొలి ఏళ్ల ఎపిసోడ్లు డిస్కులుగా వేసినప్పుడు ఇవి పెద్దవాళ్ల కోసం, నేటి చిన్నపిల్లల అవసరాలకి సరిపోకపోవచ్చు అని ముందే చెప్పారు. 1969లో పిల్లల కోసమే మొదలైన షో! నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే తప్పేముంది? కొనేది మనం, గుండె బరువెక్కేది మనకి. పిటిషన్లో "మా బాల్యం మాకివ్వండి" అని ఏడవడం మానేసి, డబ్బులు పెట్టే పెద్దవాళ్లం ఇంతమందిమి ఉన్నాం అని రాయండి. ఇప్పటి కంటికి ఎబ్బెట్టుగా ఉన్న సీన్లున్నా ముందొక హెచ్చరిక వేసి మొత్తం చూపించమనండి, డిస్నీ ప్లస్ కొన్ని మప్పెట్ ఎపిసోడ్లకి అలాగే చేసింది.

బూజుపట్టినటేపు:
మీరంతా డిస్క్ గురించి కొట్టుకుంటున్నారు, దాని వెనక టేపు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. బీబీసీలో డెబ్బైల దాకా టేపులు చెరిపి మళ్లీ వాడేవాళ్లు, టేపు ఖరీదైంది, పాత ఎపిసోడ్‌తో ఇంకేం పని అనుకున్నారు. డాక్టర్ హూ అనే వాళ్ల సైన్స్ ఫిక్షన్ సీరియల్ తొలి ఆరు సీజన్లలో దాదాపు వంద ఎపిసోడ్లు అలా పోయాయి. వాటికి దృశ్యం లేదు గానీ శబ్దం మొత్తం ఉంది, ఎందుకో తెలుసా? టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్న అభిమానుల వల్ల. 2013లో తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయన్న కబురొచ్చింది, ఎక్కడ? నైజీరియాలో.

మా ఇంట్లో పెట్టె తెరిస్తే నాలుగు వీహెచ్‌ఎస్ క్యాసెట్ల చుట్ట అంచున తెల్లగా, పిండి అంటుకున్నట్టు బూజు. (దయచేసి అలాంటిది వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్డుకి పట్టి తర్వాత పెట్టిన మంచి టేపుకి కూడా అంటుకుంటుంది.) కంపెనీల గోదాముల్లో మనకంటే బాగానే ఉంచుతారేమో, అయినా టేపుకి వయసు ఆగదు. కాబట్టి పిటిషన్లో మొదటి లైను కోత గురించి కాదు. మీ దగ్గరున్న మాస్టర్, అంటే కాపీలన్నిటికీ మూలమైన అసలు టేపు, ఒక్క ఫ్రేము వదలకుండా డిజిటల్ చేసి దాచారా, లేదా? అది అడగండి. అమ్మే డిస్కులో ఏం తీస్తారన్నది ఆ తర్వాతి మాట.

రీలుపిచ్చి:
ఇది నాకు నచ్చింది. పూర్తిది భద్రంగా ఉందని తెలిస్తే నా భయం సగం తగ్గుతుంది. మిగతా సగం ఆ డబ్బా మీది అబద్ధం. పాట తీసేస్తే తీసేశామని రాయమనండి, ఏ ఎపిసోడ్లో ఏ పాట, ఎన్ని నిమిషాలు. అప్పుడు కొనాలో వద్దో నేను చూసుకుంటా.

లైసెన్సులగోల:
మొదటిది ఒప్పుకుంటారు, రెండోది కష్టం. తమ సరుకులో లోపం తామే అచ్చేసుకోమంటే అమ్మకాల వాళ్లు గిలగిలలాడతారు. అడగడంలో తప్పులేదు, అడగండి.

పాతకేసెట్:
సరే, మొదటి లైను మారుస్తున్నా: ముందు మాస్టర్లన్నీ పూర్తిగా డిజిటల్ చేయండి, డిస్కులో ఏదైనా తీస్తే అదేంటో డబ్బా మీద రాయండి. "అలాగైతేనే కొంటాం" అన్న ముక్క ఉండదు. రీలుపిచ్చి, ఇప్పుడు సంతకం పెడతావా?

రీలుపిచ్చి:
పెట్టనన్నా. ఆ ముక్క లేకపోతే నాకు చెయ్యి రాదు. కానీ వాళ్లు రాయకపోతే ఏ ఎపిసోడ్లో ఏ పాట కోశారన్న పట్టిక నేనే తయారు చేస్తా. నా దగ్గర పదకొండు క్యాసెట్లున్నాయి, పియానో ఎపిసోడ్‌తో మొదలుపెడుతున్నా. ఎవరి దగ్గరైనా ఇలా కోసిన షోల పాత టీవీ రికార్డింగులుంటే పాట మొదలైన నిమిషం, ఆగిన నిమిషం రాసి పంపండి. బూజు లేనివే చూసి రాయండి.