అప్‌డేట్: ఉదయంపూట దవడ నొప్పి, తలపోటు

నిద్ర లేవగానే దవడలు పట్టేసి కణతల్లో పోటు వస్తోందని, పిప్పిపన్నే కారణమా అని గతంలో అడిగాను. దంతవైద్యురాలు నా కోరపళ్ల కొనలు అరిగి చదునైపోవడాన్ని అద్దంలో చూపించి, ఒత్తిడి ఎక్కువైనప్పుడు కొందరు నిద్రలో తమకు తెలియకుండానే పళ్లు కొరుకుతారని, నా నొప్పి దవడ కండరాలదే తప్ప పంటిది కాదని వివరించారు. రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు (నైట్ గార్డ్) పళ్ల అరుగుదలను ఆపుతుందే గానీ ఒత్తిడిని తగ్గించదు. ఆ మాట ఆవిడే ముందుగా చెప్పడం నాకు నచ్చింది. ఆడిట్ రోజులు కావడంతో పని తగ్గించుకోలేకపోయినా, సాయంత్రం కాఫీ మానేశాను. పెదవులు మూసి ఉన్నప్పుడు కూడా పై పళ్లు, కింది పళ్లు తాకకుండా ఉంచడం అలవాటు చేసుకుంటున్నాను. తలపోటు బాగా తగ్గింది. దవడ బిగుతు మాత్రం పని ఎక్కువైన రోజు మర్నాడు ఇంకా కనిపిస్తోంది. నిద్ర పట్టనివ్వని ఆందోళన గురించి ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయగా, తెలుగులోనే ఓపికగా మాట్లాడారు.