టాక్‌బ్యాక్ పెట్టాక మెనూల్లో ఎట్ల తిరగాలి? నాయన కోసం అడుగుతున్నా

కొర్లగుంట అబ్బాయి

అందరికీ నమస్కారం. మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినారు. నీటికాసుల వల్ల చూపు చాలా తగ్గిపోయింది. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ ఫోన్‌లో అక్షరాలు ఎంత పెద్దవి చేసినా కనబడడం లేదు. అందుకే తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ని ఆయన ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆన్ చేసి ఇచ్చాను. ఫోన్ మాట్లాడుతోంది, ఆయన వింటున్నారు, అక్కడిదాకా బాగానే ఉంది.

చిక్కంతా మెనూల దగ్గర. ఒకసారి తాకితే పేరు చెప్తుంది, తెరుచుకోదు. ఆయనేమో అదే చోట ఇంకా గట్టిగా అదుముతారు. ఎట్లాగో తెరుచుకున్నా అందులోంచి బయటికి రాలేరు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఇట్లా జరిగితే అమ్మకూ దిక్కు తోచదు, టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే ఆమె చేతికి కూడా ఫోన్ లొంగదు.

ఆయనకు పట్టుదల ఉంది. బస్సుల్లో టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు వచ్చినప్పుడు డిపోలో తొందరగా నేర్చుకున్నవాళ్లలో ఆయన ఒకరు. "దాని మీద బటన్లు వేలికి తగిలేవి, ఈ అద్దం మీద ఏం తగుల్తుంది?" అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి? చూపు లేకుండా ఫోన్ వాడేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పినవాళ్లు దయచేసి రాయండి.

చిత్తూరు సోషల్ టీచర్

తమ్ముడూ, నాకు చిన్నప్పటి నుంచీ చూపు లేదు. బడిలో పాఠం తయారీ నుంచి జీతం చూసుకోవడం దాకా అన్నీ టాక్‌బ్యాక్‌తోనే.

మీ నాయనకు ముందు ఒక్క సంగతి చెప్పు. ఒకసారి తాకడమంటే "ఇదేంది?" అని ఫోన్‌ని అడగడం. రెండుసార్లు తట్టడమంటే "సరే, తెరువు" అని చెప్పడం. ఆ రెండు తట్లూ ఆ బొమ్మ మీదే పడాల్సిన పని లేదు, తెర మీద ఎక్కడ తట్టినా చాలు. ఫోన్ ఆఖరున ఏ పేరు పలికిందో అదే తెరుచుకుంటుంది. చూపున్నవాళ్లు నేర్పేటప్పుడు ఈ మాట చెప్పడం మర్చిపోతారు, ఎందుకంటే వాళ్ల వేలు కన్ను వెంటే పోతుంది. అందుకని నేర్చుకునే మనిషి కూడా ఆ చోటే వెతుక్కుంటా ఉంటాడు. వెతుకుతుంటే వేలు పక్కకు జరుగుతుంది, ఇంకో పేరు పలుకుతుంది, వేరేది తెరుచుకుంటుంది. పేరు విన్నాక వేలు పూర్తిగా ఎత్తేయమను. తర్వాత తెర మధ్యలో టకటకా రెండు తట్లు. గట్టిగా కాదు, త్వరగా. రెండింటి మధ్య ఎడం ఎక్కువైతే ఫోన్ వాటిని రెండు విడివిడి తాకుళ్లు అనుకుంటుంది. గట్టిగా అదిమినందువల్ల ప్రయోజనమే లేదు, ఆ తెరకు కావాల్సింది బరువు కాదు.

అయితే నేనైతే తెరవడం కంటే ముందు వెనక్కి రావడం నేర్పుతాను. ఒక వేలితో కిందికి గీసి, ఎత్తకుండా ఎడమకు తిప్పితే బ్యాక్. పైకి గీసి, ఎత్తకుండా ఎడమకు తిప్పితే హోమ్. ఈ రెండూ చేతికొస్తే మనిషికి భయం పోతుంది. ఎక్కడ ఇరుక్కున్నా ఇంటికి దారి తెలుసనే ధైర్యం ఉంటే ఎన్ని మెనూల్లోకైనా పోతాడు. మీ నాయన ఆగిపోయింది తెరవడం రాక కాదు, బయటికి రావడం రాక అని నీ మాటల్లోనే తెలుస్తోంది.

టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో జెస్చర్లు, అంటే ఈ వేలి సైగలు ప్రాక్టీస్ చేసుకునే పేజీ ఒకటి ఉంది. అందులో వేలితో ఏం చేసినా దాని పేరు చెప్తుంది తప్ప ఫోన్‌లో ఏదీ కదలదు. మొదట అక్కడ కూర్చోబెట్టు.

పద్మావతిపురం అక్క

టీచరు గారు చెప్పింది నిజం. మా అత్తగారికి నేర్పింది నేనే, చక్కెర జబ్బుతో ఆమె చూపు పోయింది. ఒక విషయంలో నా అనుభవం చెప్తాను. తెరంతా వేలితో తడిమి వెతికే పద్ధతి ఆమెకు ససేమిరా కుదరలేదు. వేలు జారిన ప్రతిసారీ ఒక పేరు, ఫోన్ గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది, ఆమెకు టెన్షన్ వచ్చేసేది. తడమడం మానిపించి స్వైప్ నేర్పాను. కుడికి ఒకసారి తోస్తే తర్వాతది, ఎడమకు తోస్తే వెనకది. తెర మీద ఎక్కడ తోసినా ఫరవాలేదు. ఒక్కో తోపుకి ఒక్కో పేరు. ఆమె జపమాల తిప్పినట్టు తిప్పుకుంటూ పోతారు, కావాల్సింది రాగానే రెండు తట్లు.

గొంతు కూడా ముఖ్యం అన్నా. ఇంగ్లీషు గొంతు పెట్టి ఇస్తే పెద్దవాళ్లు సగం వదిలేస్తారు. గూగుల్ టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు ఉంది, అది పెట్టండి, వేగం బాగా తగ్గించండి. మాట ఆపాలంటే రెండు వేళ్లతో ఒకసారి తాకితే నిలిచిపోతుంది. మా అత్తగారు అన్నిటికన్నా ఇష్టపడింది దీన్నే.

చిత్తూరు సోషల్ టీచర్

మొదట్లో స్వైపే మేలు, ఒప్పుకుంటాను. కానీ దాని మీదే నిలబడిపోతే పెద్ద మెనూల్లో ప్రాణం విసుగెత్తుతుంది. సెట్టింగ్స్ తెరిచి కింది దాకా పోవాలంటే ఎన్నిసార్లు తోయాలి? ఆఖరి వరస కావాలంటే నేను రెండు వేళ్లు ఆనించి పైకి నెట్టి పేజీ జరుపుతాను, తర్వాత కింది భాగంలో వేలు పెట్టి తడుముతాను. దేని నుంచి దేనికి దూకాలో ఎంచుకునే రీడింగ్ కంట్రోల్స్‌లో హెడింగ్స్ పెట్టుకుంటే ఒక వేలితో కిందికి తోసినప్పుడల్లా హెడింగ్ నుంచి హెడింగ్‌కు దూకవచ్చు. వార్తలు చదివేటప్పుడు ఇది లేకపోతే నాకు పొద్దు గడవదు.

రోజూ వాడే యాప్‌లు నాలుగు మూలల్లో పెట్టి ఇవ్వు తమ్ముడూ. మూల వేలికి తెలుస్తుంది, ఫోన్ అంచు తగుల్తుంది కదా. అద్దం మీద ఏం తగుల్తుందని అడిగిన మీ నాయనకు జవాబు ఆ అంచే. ఫోన్ చేసుకునేది కింద ఎడమ మూల, వాట్సాప్ కింద కుడి మూల. ఒకసారి పెట్టాక ఎవరూ వాటిని జరపకూడదు. ఇంట్లో పిల్లలకు కూడా గట్టిగా చెప్పు.

బంగారుపాళెం తోట

మాది మామిడి తోట. మా అమ్మకు చూపు బాగానే ఉంది, అయినా ఇదే కష్టం, అందుకే రాస్తున్నా. తోటాపురి కాలంలో కాయ కోసి, సొన తగిలి, వేళ్లు కాయలు కాసి చెక్కలా అయిపోతాయి. ఆ వేలితో తాకితే ఫోన్ పలకదు. మా ఊరి ఫోన్ రిపేరు పిల్లోడు చెప్పాడు, ఈ తెరలు ఒత్తిడితో పనిచేయవు, వేలి ద్వారా పోయే సన్నటి విద్యుత్ మార్పును పసిగడతాయి అని. చర్మం మందంగా, పొడిగా ఉంటే ఆ మార్పు సరిగా అందదు. చెమటో నీళ్లో ఉంటే తాకని చోట తాకినట్టు అనుకుంటుంది.

అమ్మకు పనికొచ్చినవి ఇవి. వేలి కొన కాకుండా కొంచెం పడుకోబెట్టి మెత్తటి భాగంతో తాకడం. తడి చెయ్యి కొంగుకు తుడుచుకోవడం. అద్దం మీద అతికించిన మందం గ్లాసు తీసేయడం. శాంసంగ్ ఫోన్లలో టచ్ సెన్సిటివిటీ అని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఉంటుంది, అది ఆన్ చేస్తే గ్లాసు ఉన్నా కొంత నయం. అమ్మ వేలు ఆనించి నిదానంగా తీస్తుంది, ఫోనేమో లాంగ్ ప్రెస్ అనుకుని ఏదో ఒక చిన్న మెనూ తెరిచేది. యాక్సెసిబిలిటీలో టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఉంది, దాన్ని లాంగ్ చేశాక ఆ గోల తగ్గింది. కొర్లగుంట అన్నా, మీ నాయన టికెట్లు చించి చించి వేళ్లు మొద్దుబారి ఉంటే ఇది కూడా చూడండి.

ఎస్వీయూ రీసెర్చ్ స్కాలర్

నాది ఐఫోన్, అందులో టాక్‌బ్యాక్ లాంటిదే అయిన వాయిస్‌ఓవర్ వాడతాను. 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చింది ఇది. టాక్‌బ్యాక్ కూడా దాదాపు అప్పటిదే. ఒకసారి తాకి వినడం, రెండుసార్లు తట్టి తెరవడం రెండింట్లోనూ ఒకటే కాబట్టి మీ నాయన రేపు ఫోన్ మార్చినా మొదటి పాఠం వృథా పోదు.

ఐఫోన్ వాడేవాళ్ల కోసం రెండు మాటలు. చెయ్యి వణికేవాళ్లకు, నెమ్మదిగా తట్టేవాళ్లకు వాయిస్‌ఓవర్ సెట్టింగ్స్‌లో డబుల్ ట్యాప్ టైమవుట్ పెంచే వీలుంది. అది పెంచితే రెండు తట్ల మధ్య ఎడం ఉన్నా తీసుకుంటుంది. రెండోది, ఒక వేలు ఆ పేరు మీద ఆనించే ఉంచి, ఇంకో వేలితో ఎక్కడైనా ఒక్కసారి తడితే కూడా తెరుచుకుంటుంది. నేను టైప్ చేసేది ఈ పద్ధతిలోనే.

తిరుపతి బస్టాండులో కూర్చుని ఫోన్ వాడడం మాత్రం కష్టం. అనౌన్స్‌మెంట్లు, సప్తగిరి బస్సుల హారన్లు, గోవిందలు. ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను, రెండో చెవి రోడ్డుకు కావాలి. పక్కవాళ్లు తెర చూస్తారని అనుమానం ఉంటే మూడు వేళ్లతో మూడుసార్లు తట్టితే తెర నల్లగా అయిపోతుంది, ఫోన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ మెనూలో హైడ్ స్క్రీన్ అని ఉంటుంది.

కొర్లగుంట అబ్బాయి

అందరికీ చాలా థ్యాంక్స్. టీచర్ గారూ, మీరు చెప్పినట్టే బ్యాక్, హోమ్ ముందు నేర్పాను. కిందికి గీసి ఎడమకు తిప్పేటప్పుడు మధ్యలో వేలు ఎత్తేస్తున్నారు. నేను ఆయన వేలు పట్టుకుని గీయించాను, అప్పుడు పడింది. ఇప్పుడు ఇంకో మూడు చిక్కులు. ఫోన్ వస్తే ఎత్తడం, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపడం, ఆ టాక్‌బ్యాక్ మెనూ తెరవడం. డబ్బు పంపడం సంగతి తర్వాత, దానికి నాకే భయంగా ఉంది.

చిత్తూరు సోషల్ టీచర్

ఫోన్ వచ్చినప్పుడు రెండు వేళ్లు కలిపి రెండుసార్లు తట్టితే ఎత్తుతుంది, పెట్టేయడానికీ అదే. వేళ్లు దగ్గర దగ్గరగా అతుక్కుని ఉంటే ఒకే వేలు అనుకుంటుంది, మధ్యలో కొంచెం ఖాళీ ఉండాలి. కాల్ కట్ చేయడానికి పవర్ బటన్ కూడా పెట్టుకోవచ్చు, యాక్సెసిబిలిటీలో ఉంటుంది.

వాయిస్ మెసేజీకి మైకు పేరు వినబడగానే రెండుసార్లు తట్టి, రెండో తట్టులో వేలు ఎత్తకుండా ఆనించే ఉంచాలి. మాట్లాడినంతసేపూ అట్లే. వేలు ఎత్తగానే మెసేజీ అవతలివాళ్లకు వెళ్లిపోతుంది. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు లాంగ్ ప్రెస్ ఎక్కడ కావాల్సొచ్చినా ఇదే పద్ధతి.

టాక్‌బ్యాక్ మెనూకి మూడు వేళ్లతో ఒక తట్టు. పాత ఫోన్లలో అది పలకదు, అప్పుడు ఒక వేలితో పైకి గీసి, ఎత్తకుండా కుడికి. గొంతు వేగం లాంటివి అక్కడే దొరుకుతాయి.

పద్మావతిపురం అక్క

డబ్బు గురించి. ఇయర్‌ఫోన్ లేకుండా పిన్ కొట్టించకండి, కొన్ని చోట్ల అంకెలు బయటికి పలుకుతాయి. మా అత్తగారికి యూపీఐ లైట్ పెట్టాం. ఒక్కోసారికి 1000 రూపాయల దాకా పిన్ అవసరం లేదు, లైట్‌లో మొత్తం 5000 దాటి ఉండదు. పాలు, కూరగాయలు, ఆటో, అంతవరకూ ఆమె స్వతంత్రంగా చేసుకుంటారు. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంకు వాళ్ల మణి యాప్ ఉంది, 2020 నుంచి. నోటును కెమెరా ముందు పెడితే ఎంతదో చెప్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు.

పుత్తూరు రైలు

నేనూ చూపు లేనివాడినే. మీరంతా వేళ్ల గురించి రాస్తున్నారు, బాగుంది. కానీ వేలు సరిగా పెట్టినా యాప్ సరిగా లేకపోతే ఏం చేయాలి? నా బ్యాంకు యాప్‌లో తాకితే "బటన్, బటన్, బటన్" అంటుంది, పేరే ఉండదు. బ్యాలెన్స్ ఏదో, లాగవుట్ ఏదో తెలియదు. కేవైసీ, అంటే ఖాతాదారు నేనేనని రుజువు చేసుకోవడం, చేయమంటే సెల్ఫీ తీసి కళ్లు ఆర్పమంది. చూపులేని మనిషి కెమెరాకు ఎదురుగా ముఖం పెట్టి, అది అడిగిన క్షణానికి కళ్లు ఆర్పాలంట. నాకు చాలా కోపం వచ్చింది. చివరికి ముగ్గురు మనుషులు చుట్టూ నిలబడి చేయించారు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు దీని మీద తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని, కేవైసీ పద్ధతులు వికలాంగులకు వీలుగా మార్చాలని చెప్పింది. ఏటీఎంల విషయంలో కూడా 2014 జులై 1 నుంచి కొత్తగా పెట్టేవన్నీ మాట్లాడేవిగా, బ్రెయిలీ కీలతో ఉండాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. కీలున్న మిషనుకే అంత చెప్పాల్సి వస్తే, కీలే లేని అద్దానికి ఇంకెంత చెప్పాలి? ఇప్పుడు ఎక్కడ చూసినా టోకెన్ ఇచ్చే టచ్ మిషన్లు పెడుతున్నారు. చాలావాటికి గొంతు లేదు. మనం నేర్చుకున్న జెస్చరు ఒక్కటీ దాని ముందు పనికిరాదు. మనిషిని అడిగితే "అక్కడ మిషన్‌లో తీసుకోండి" అంటారు.

చిత్తూరు సోషల్ టీచర్

పుత్తూరు తమ్ముడు చెప్పిన ప్రతి మాటా నిజం. ఫిర్యాదు రాసేటప్పుడు "యాప్ పనిచేయడం లేదు" అని రాయొద్దు, వాళ్లు అప్‌డేట్ చేయమని జవాబిచ్చి ఊరుకుంటారు. ఏ పేజీలో, పైనుంచి ఎన్నో బటన్, టాక్‌బ్యాక్ ఏమని పలికింది, ఏమని పలకాలి, ఇట్లా రాయండి. తీర్పు తేదీ కూడా పెట్టండి. నేను అట్లా రాసిన యాప్‌లలో కొన్ని సరిచేశారు, అందరూ చేయలేదు.

ఈలోగా పేరు లేని బటన్‌కు మనమే పేరు పెట్టుకోవచ్చు. ఆ బటన్ మీద ఉండి టాక్‌బ్యాక్ మెనూ తెరిస్తే చాలావాటికి యాడ్ లేబుల్ అని వస్తుంది. చూపున్న మనిషిని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని "బ్యాలెన్స్", "లాగవుట్" అని తెలుగులోనే టైప్ చేసేయండి. తర్వాత తాకితే ఆ పేరే పలుకుతుంది.

కొర్లగుంట అబ్బాయి

లేబుల్ సంగతి నాకు తెలియనే తెలియదు, ఈ రాత్రే నాయన పెన్షన్ బ్యాంకు యాప్‌లో పెడతాను. అమ్మ ఫోన్ తీసుకున్నప్పుడు టాక్‌బ్యాక్ ఆపడానికి ఏదైనా సులువైన దారి ఉందా? సెట్టింగ్స్‌లోకి పోయి ఆపడం ఆమె వల్ల కాదు.

ఎస్వీయూ రీసెర్చ్ స్కాలర్

వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి కొన్ని సెకన్లు పట్టుకుంటే ఆగుతుంది, మళ్లీ పట్టుకుంటే మొదలవుతుంది. ముందు ఆ షార్ట్‌కట్ ఆన్‌లో ఉందో లేదో యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ పేజీలో చూడండి. ఐఫోన్‌లో అయితే సైడ్ బటన్ మూడుసార్లు నొక్కేలా పెట్టుకోవాలి. అమ్మ వాడి ఇచ్చేశాక మళ్లీ ఆన్ చేసే పని నాయనకే నేర్పండి, ఆ బటన్లు వేలికి తగుల్తాయి కాబట్టి ఆయనకు కష్టం ఉండదు.