ముమ్మడమ్మకు ప్రేమలేఖ

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న చారిత్రక ప్రేమ నవల ఒకటి నిన్న రాత్రి ముగించాను. కథాకాలం కాకతీయులది. నాయిక ప్రణయమంజరి, చెలికత్తె మధురహాసిని, నాయకుడు విక్రాంతసింహుడు. అతని గుర్రం పవనవేగి. ఓరుగల్లు మొత్తం మీద తెలుగు పేరున్న ప్రాణి ఒక్కటీ లేదు!

అసలు కాకతీయుల ఇంట్లో పెట్టుకున్న పేర్లు వినండి: బేతరాజు, ప్రోలరాజు, గణపాంబ, రుయ్యమ్మ, ముమ్మడమ్మ. ఈ ముమ్మడమ్మ రుద్రమదేవి కూతురు, ప్రతాపరుద్రుడి తల్లి. “ముమ్మడమ్మా, నీ కనుల వెన్నెలలో...” అని రాయబోతే రచయితగారి కలం మొరాయించి ఉంటుంది. నాకు మాత్రం ఆ పేరే నచ్చింది. ఇంతకీ ముమ్మడి అంటే ఏమిటి? మన బృంద సభ్యులు చెప్పాలి.

సీతమ్మధార సభ్యుడు: మూడో కూతురేమో మాస్టారూ. కన్నడంలో ఇమ్మడి పులకేశి అంటే రెండో పులకేశి కదా.

నేను: ఆమె పెద్ద కూతురండీ. నాకు తోచేది మూడింతలన్న అర్థం. ఇమ్మడి రెండింతలు, ముమ్మడి మూడింతలు. మామిడి ఇబ్బడిముబ్బడిగా కాసిందంటామే, ఆ జంటే ఇది. మకారం బకారమై ఉంటుంది, అంతే.

గాజువాక సభ్యురాలు: రాజరాజ చోళుడికి ముమ్ముడి చోళుడని బిరుదుంది. తమిళంలో ముడి అంటే కిరీటం. మూడు కిరీటాలు ఎందుకు కాకూడదు?

నేను: రాచబిడ్డకు కిరీటం అతికినట్టే ఉంది, కాదనను. కానీ మీ మాటలో ‘ము’ రెండుసార్లు వస్తోంది, మన దాంట్లో ‘మ్మ’. 14వ శతాబ్దంలో కోరుకొండను ఏలిన ముమ్మడి నాయకుడి పేరులోనూ అంతే. నేను మూడింతల వైపే.

కంచరపాలెం సభ్యుడు: అంత దూరం ఎందుకండీ? మా ఇంట్లోనే అప్పలకొండ, నూకరాజు, పైడితల్లి ఉన్నారు. అప్పన్న, నూకాలమ్మ, పైడితల్లమ్మ ఇచ్చిన పేర్లు. నాయకుడికి నూకరాజని పెడితే హాస్యకథ అనుకుంటారు.

సీతమ్మధార సభ్యుడు: పాతదనమూ మన విశాఖా రెండూ కావాలంటే నాగార్జునకొండ శాసనాల్లో ఒకాయన ఉన్నాడు. ఇక్ష్వాకు రాకుమారి అడవి చాటిసిరి భర్త, పేరు ఖండవిశాఖణ్ణక.

నేను: దివ్యంగా ఉంది. కానీ కోట గోడ మీద నిలబడి ఆమె ఆ పేరు పూర్తిగా పిలిచేలోపు గుర్రం ఊరు దాటిపోదూ?