తండ్రి పనే కొడుక్కి రావాలా? ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్‌లో వృత్తి స్వేచ్ఛ నిజంగా ఉండేదా?

పాతచరిత్ర:
గ్రీకుల్లో కూడా తండ్రి వృత్తే కొడుకు చేయాల్సి వచ్చేదని ఇక్కడ ఒకరు గట్టిగా రాశారు. ఏథెన్స్ వరకైతే అది తప్పు. అలాంటి చట్టం అక్కడ కనిపించదు. పైగా క్రీ.పూ. 594 ప్రాంతంలో ఏథెన్స్‌కు చట్టాలు చేసిన సోలోన్ గురించి రాస్తూ, తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక సంగతి చెప్పాడు: కొడుక్కి ఏ పనీ నేర్పని తండ్రిని ముసలితనంలో ఆ కొడుకు పోషించనక్కర్లేదు. ఏదో ఒక పని నేర్పాలన్నాడు, తన పనే నేర్పాలనలేదు. పాసియన్ అనేవాడు బ్యాంకులో బానిసగా మొదలై, విడుదల పొంది, ఆ బ్యాంకుకే యజమాని అయ్యాడు, చివరికి ఏథెన్స్ పౌరుడూ అయ్యాడు.

మగ్గంగుంట:
ఇంకో గ్రీకు నగరం స్పార్టాని ఎందుకు వదిలేశారండీ? అక్కడ పౌరుడు ఏ చేతివృత్తీ చేయకూడదు. ఏడో ఏట నుంచే శిక్షణ, ఆ తర్వాత యుద్ధం. పొలం పని హెలట్లనే కట్టుబానిసలది, వాళ్లకు ఆ నేల వదిలి వెళ్లే వీలే లేదు. దండోరా వేసేవాళ్లు, పిల్లనగ్రోవి వాయించేవాళ్లు, వంటవాళ్లు అక్కడ తండ్రి పనే చేసేవాళ్లని గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ రాశాడు. గొంతు బాగున్న ఇంకొకడు వచ్చి దండోరా పని అందుకునే వీలు లేదట.

పాతచరిత్ర:
ప్రశ్న ఏథెన్స్ గురించి. శీర్షిక చూడండి.

ఉప్పుటేరు:
థీబ్స్ అనే మరో గ్రీకు నగరంలో ఒక చట్టం ఉండేదని అరిస్టాటిల్ చెప్పాడు. బజారు వ్యాపారం మానేసి పదేళ్లు గడిస్తేనే పదవికి అర్హత.

పాతచరిత్ర:
అదీ ఏథెన్స్ కాదు.

మగ్గంగుంట:
సరే, ఏథెన్సే తీసుకోండి. బయటి నుంచి వచ్చి స్థిరపడ్డ మెటిక్‌లు, మగవాళ్లైతే ఏటా 12 డ్రాక్మాల (వెండి నాణేల) పన్ను కట్టేవాళ్లు. భూమి కొనే హక్కు లేదు. వ్యవసాయం చేయాలంటే ఇంకొకరి పొలం కౌలుకు తీసుకోవాల్సిందే. ఇక మిగిలింది కుండలు, తోళ్లు, వ్యాపారం. దీన్ని ఎంచుకోవడం అంటారా? ఏథెన్స్ ప్రాంతంలోని లారియన్ వెండి గనుల్లో దిగిన బానిసలు ఏం ఎంచుకున్నారు?

పాతచరిత్ర:
ఏథెన్స్‌లో ఎరెక్తియోన్ గుడి కట్టినప్పటి లెక్కలు రాతి మీద చెక్కి ఉన్నాయి. క్రీ.పూ. 409-407 నాటి మాట. పౌరులు, మెటిక్‌లు, బానిసలు పక్కపక్కనే స్తంభాలు చెక్కారు. రోజుకూలి ముగ్గురికీ ఒకటే, ఒక డ్రాక్మా.

మగ్గంగుంట:
బానిస సంపాదించిన కూలి మీద హక్కు యజమానిది. దాన్ని కూడా సమానం లెక్కలో కలిపేస్తారా?

సిరిమల్లె:
ఆడవాళ్ల ఊసే లేదు ఇంతసేపూ. క్రీ.పూ. 346 ప్రాంతంలో ఒకతని పౌరసత్వం మీద కేసు నడిచింది. వాళ్లమ్మ బజారులో రిబ్బన్లు అమ్మింది, ఒకప్పుడు దాదిగా పాలిచ్చింది, కాబట్టి వీళ్లు పౌరులే కాదని వాదన. ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ రాసిచ్చిన ప్రసంగంలో ఆ కొడుకు, బజారులో పనిచేసే పౌరుల్ని ఆ పని పేరుతో ఎత్తిపొడవకూడదన్న చట్టం ఉందని జ్యూరీకి గుర్తుచేశాడు. పేదరికం వల్లే మా అమ్మ అలా చేసిందని కూడా చెప్పుకున్నాడు. చట్టం చేయాల్సి వచ్చిందంటే ఎత్తిపొడుపులు ఎంతగా ఉండేవో ఆలోచించండి.

పాతచరిత్ర:
చట్టం ఆమె వైపే ఉందని మీరే ఒప్పుకున్నారు.

మగ్గంగుంట:
చట్టం, చట్టం! పుస్తకం ముందేసుకుని మాట్లాడటం తేలికండీ. నా చేత చిన్నప్పుడే నేతకు నూలు కండెలు చుట్టించారు. షావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరలేదని పదో తరగతి తర్వాత బడి మాన్పించి మగ్గం గుంటలో దించారు. నువ్వు నేతే నేయాలని ఏ చట్టమూ అనలేదు. అయినా నేసాను. చట్టంలో లేదు కాబట్టి స్వేచ్ఛ ఉందని మీరు ప్రతిసారీ అంటుంటే నాకు ఒళ్లు మండుతోంది.

పాతచరిత్ర:
నాకూ మండుతోంది కాబట్టి చెబుతున్నా. మా నాన్నది బంగారం పని. ఆయన చేతిలో ఉన్న పనితనం మా ఊళ్లో ఇంకెవరికీ లేదు. నన్ను కుంపటి దగ్గర కూర్చోనివ్వలేదు, చదువుకోమన్నారు. డిగ్రీ ఉంది, నాకంటూ చేతిపని లేదు, ఆయన పనితనం ఆయనతోనే పోయింది. అందుకే నేర్పడం తండ్రి బాధ్యత అన్న సోలోన్ మాట నాకు అంత పెద్దగా కనిపిస్తుంది.

లెక్కలమాస్టారు:
బాబూ, మీ ఇద్దరి గొడవా గ్రీకుల గురించి కాదు. ఒకరికి తండ్రి పని మెడకు పడింది, ఒకరికి చేతికి రాలేదు. నచ్చిన వృత్తి అనే కొలతతో ఆ గ్రీకులు ఆలోచించినట్టు నాకనిపించదు. సోక్రటీస్ శిష్యుడు జెనోఫన్ రాసిన ఒక సంభాషణ ఉంది. యుద్ధంలో ఆస్తి పోగొట్టుకున్న యూథెరస్ ఒంటికష్టం మీద బతుకుతుంటాడు. ముసలితనంలో ఏం చేస్తావు, ఎవరైనా ఆస్తిపరుడి దగ్గర పనులు చూసే మనిషిగా చేరమని సోక్రటీస్ సలహా ఇస్తాడు. బానిసత్వం భరించడం నావల్ల కాదంటాడు అతను. ఏ పని అన్నది కాదు అతని బాధ, నెత్తిమీద ఇంకొకడు ఉండటం.

మగ్గంగుంట:
మాస్టారూ, ఇది ఒప్పుకుంటా. నెత్తిమీద షావుకారు లేకపోతే నేత నాకూ ఇష్టమే అయ్యేదేమో. కానీ పాతచరిత్ర గారు ఒకటి చెప్పాలి. సోలోన్ చట్టంలో ఏ పని నేర్పాలో నిర్ణయించేది ఎవరు? తండ్రే కదా. కొడుకు ఇష్టం అడగమని అందులో ఎక్కడుంది?

పాతచరిత్ర:
నేర్చుకున్నాక అదే చేయాలని కూడా అందులో లేదు.

మగ్గంగుంట:
పదేళ్లవాడికి కండెలు చుట్టడం ఒక్కటే నేర్పితే, ఇరవయ్యేళ్లకు వాడు ఇంకేం చేస్తాడండీ? దానికి జవాబివ్వండి.