జేబులో ఏం పెట్టుకోవాలి? (రాజోలు – భీమవరం, బండి మీద, చెరువుల పని)

గట్టుమీదబండి
రోజూ రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం దాకా తిరుగుడండి. దారిలో చెరువుల దగ్గర ఆగుతూ పోవాలి. సంచి మోసే ఓపిక లేదు, ప్యాంటు జేబులో పట్టేవే చెప్పండి. బడ్జెట్ రెండు వేలు. నా సందేహాలు: మల్టీటూల్ (ప్లేయర్, చాకు, స్క్రూడ్రైవరు అన్నీ ఒకే పిడిలో మడిచి ఉండేది) ఒకటి కొనాలా, విడివిడిగా కొనాలా? ఉప్పుగాలికి తుప్పు పట్టనిది ఏది? చాకు జేబులో ఉంటే పోలీసులతో ఇబ్బందా? టార్చి ఏది మంచిది?

పన్నెండుపదమూడు
మల్టీటూల్ సంగతి తర్వాత. ముందు 12-13 రింగు పానా ఒకటి, 10-11 ఒకటి కొనండి. ఎందుకో వినండి. హీరో, హోండా, యమహా బళ్లలో 8 మి.మీ. బోల్టుకి తల 12 ఉంటుంది, జపాన్ కొలత అది. బజారులో ఏరేటర్‌కి (చెరువు నీళ్లకి గాలి పట్టించే యంత్రం) కొనే 8 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టుకి తల 13. అంటే ఒకే పానా, ఒక కొస బండికి, రెండో కొస చెరువుకి. 6 మి.మీ. బోల్టుకి రెండిట్లోనూ 10 సరిపోతుంది. ఈ రెండు పానాలతో మీ పనుల్లో సగం తీరిపోతాయి.
డబుల్ ఎండ్ పానా (రెండు వైపులా నోరు తెరిచినది) మాత్రం వద్దు. తుప్పు పట్టిన నట్టు మీద రెండు అంచుల్నే పట్టుకుంటుంది, జారిందా నట్టు గుండ్రం అయిపోతుంది. రింగయితే ఆరు మూలలూ పడుతుంది.

లంకలోరెంచి
ఇన్ని పానాలెందుకండి? ఆరంగుళాల స్క్రూ రెంచి ఒకటి చాలదా?

పన్నెండుపదమూడు
చాలదు. దాని దవడకి ఎప్పుడూ కాస్త ఆట ఉంటుంది, ఉప్పునీటి బోల్టు మీద పెట్టి లాగితే ఆ ఆటే మూలల్ని తినేస్తుంది. పైగా ఏరేటర్ ఫ్రేము సందుల్లో దాని తల దూరదు.
ఇంకోటి. స్టెయిన్‌లెస్ నట్టుని స్టెయిన్‌లెస్ బోల్టు మీద పొడిగా గబగబా బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కరుచుకుని అతుక్కుపోతాయి. అది తుప్పు కాదు, ఏ నూనె పోసినా రాదు. కోసెయ్యడమే. బిగించే ముందు మరకి గ్రీజు రాసి, చేత్తో నెమ్మదిగా తిప్పితే ఈ గొడవే లేదు.

హాక్సాముక్క
కోసెయ్యడమే అన్నారు కదా, దేంతో? అందుకే జేబులో హాక్సా బ్లేడు ముక్క ఉండాలి. అంగుళానికి 24 పళ్లది, బైమెటల్ అని రాసి ఉన్నదే తీసుకోండి, కోసేటప్పుడు వంగుతుంది గానీ పుటుక్కున విరగదు. నాలుగంగుళాల ముక్క చాలు. ముక్క విరిచేటప్పుడు గుడ్డలో చుట్టి, మొహం పక్కకి తిప్పి విరవండి, పెంకులు లేస్తాయి. ఒక కొసకి సైకిల్ ట్యూబు చుడితే అదే పిడి. పీవీసీ పైపు, బోల్టు, తాళం, అన్నీ కోస్తుంది.

నల్లటేపు
సైకిల్ ట్యూబు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, అసలు పనిముట్టు అదే. అంగుళం వెడల్పున, గజంన్నర పొడవున పట్టీలా కోసి మడిచి రబ్బరు బ్యాండు వేస్తే అగ్గిపెట్టెంత. పైపు కారుతుంటే చిల్లుకి నాలుగంగుళాల ఇవతల మొదలుపెట్టి, బాగా సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగం కప్పేలా చుట్టుకుంటూ పోవాలి. సాగిన రబ్బరు తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ బిగువే నీటిని ఆపుతుంది. ఇన్సులేషన్ టేపు తడి మీద అంటుకోదు. దీనికి జిగురే అక్కర్లేదు కాబట్టి తడి లెక్కేలేదు.
డీజిల్ పైపుకి మాత్రం చుట్టొద్దు. ట్యూబు రబ్బరు డీజిల్ తాగి ఉబ్బి మెత్తబడిపోతుంది, కాసేపటికే వదులవుతుంది.

సంచీటీచర్
అన్నయ్యలూ, బళ్లూ చెరువులూ తప్ప లోకం లేదా? ఆటోలో తిరిగే మాకు పిన్నీసులు రెండు, దబ్బనం ఒకటి, వల దారం చుట్ట చాలు. నర్సాపురం వైపు వల అల్లే నైలాన్ దారం చెప్పు తెగినా, సంచి చెవి ఊడినా ఆగుతుంది. మామూలు దారం తడికి కుళ్లిపోతుంది. నైలాన్‌కి ముడి జారుతుంది కాబట్టి మూడు ముళ్లు వేసి, కొస అగ్గిపుల్లతో కరిగించి అణచాలి.
సంచి జిప్పు పళ్లు కలవడం లేదంటే జిప్పు పాడయినట్టు కాదు. స్లైడరు నోరు తెరుచుకుంది, అంతే. వెనక అంచుల్ని కటింగ్ ప్లేయర్‌తో ఎడమ కొంచెం, కుడి కొంచెం నొక్కండి. ఒకేసారి గట్టిగా నొక్కితే విరుగుతుంది, అది పోత లోహం.

గట్టుమీదబండి
బాగుందండి అందరిదీ. టెస్టరు ఒకటి ఎలాగూ చొక్కా జేబులో ఉంటుంది. మల్టీటూల్, టార్చి సంగతి?

వైండింగ్‌షాపు
టెస్టరుని నమ్ముకుని చెరువు గట్టు మీద స్టార్టర్ డబ్బా తెరుస్తారా? అయ్యా, ఆకివీడు నుంచి పాలకొల్లు దాకా కాలిన మోటార్లు ఎవరి దగ్గరికి వస్తాయో కనుక్కుని అప్పుడు మాట్లాడండి. సగం మోటార్లు చచ్చేది ఒక ఫేజు (మోటారుకి కరెంటు తెచ్చే మూడు లైన్లలో ఒకటి) పోయి రెండు ఫేజుల మీద తిరగబట్టే. ఆ వచ్చినోళ్లందరిదీ ఒకటే మాట: "టెస్టరు పెట్టాం గురువుగారూ, మూడూ వెలిగాయి."

లంకలోరెంచి
మూడూ వెలిగితే మూడూ ఉన్నట్టే కదండీ. చిన్నప్పట్నించీ చూస్తున్నాం.

వైండింగ్‌షాపు
చూడ్డం వేరు, తెలియడం వేరు. ఒక ఫేజు ఫ్యూజు ఎగిరిపోయినా అదే లైను మీద మిగతా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. వాటి వైండింగుల్లోంచి ఆ చచ్చిన ఫేజులోకి వోల్టేజి వెనక్కి వస్తుంది. టెస్టరులోని నియాన్ దీపానికి కావలసింది ఒక మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగం, టెస్టరు లోపల పది లక్షల ఓముల నిరోధం పెట్టేది అందుకే. అంత కొంచెం కరెంటుకే వెలిగేది, లైను నిజంగా ఉందో లేదో ఏం చెబుతుంది?
తీరా మోటారు ఆపి మళ్లీ వేస్తే హుమ్మని మూలుగుతుంది తప్ప తిరగదు. తిరుగుతూ ఉన్నదయితే మిగిలిన రెండు ఫేజులూ దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగుతాయి. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మించితే మోటారుని ఆపేది) పెంచి పెట్టుకున్నవాళ్లకి వాసన వచ్చేదాకా తెలీదు.

రెండుబల్బులు
టెస్టరు వద్దు సరే, దానికి బదులేమిటో చెప్పాలిగా! టెస్ట్ ల్యాంపు. 230 వోల్టుల బల్బులు రెండు సిరీస్‌లో కలిపి, ఫేజుకి ఫేజుకి మధ్య పెట్టాలి. రెండు ఫేజుల మధ్య ఉండే 415 వోల్టుల్లో సగం ఒక్కోదాని మీద పడుతుంది. మూడు ఫేజులకీ ఆర్, వై, బి అని పేర్లు; ఆర్-వై, వై-బి, బి-ఆర్, మూడుసార్లూ ఒకే వెలుగు ఉండాలి. రెండు జతల్లో వెలుగు తగ్గిందంటే ఆ రెండిట్లో ఉన్న ఫేజే పోయింది.

వైండింగ్‌షాపు
మళ్లీ అదే. ఏరేటర్లు చాలా తిరుగుతుంటే ఆ వెనక్కొచ్చే వోల్టేజే బల్బుని కూడా వెలిగిస్తుంది, కాస్త మందంగా. పగటి ఎండలో ఆ తేడా మీ కంటికి ఆనుతుందా? టాంగ్ టెస్టరు (వైరు చుట్టూ దవడ వేసి కరెంటు కొలిచేది) పట్టండి. రెండు హార్స్‌పవర్ మోటారు లోడ్ మీద ఒక్కో ఫేజుకి సుమారు 3 ఆంపియర్లు లాగాలి. ఒకదాంట్లో సున్నా వచ్చిందా, అదే పోయిన ఫేజు. వాదన లేదు.

రెండుబల్బులు
టాంగ్ టెస్టరు చూపించాలంటే మోటారు తిరుగుతూ ఉండాలి. ఆగిపోయిన మోటారు దగ్గర మీ టాంగ్ టెస్టరు దేన్ని కొలుస్తుంది, గాలినా? అన్ని స్టార్టర్లూ ఆపేసి బల్బు పెట్టండి, వెనక్కి రావడానికి ఏమీ ఉండదు, పోయిన ఫేజు పోయినట్టే కనబడుతుంది. షాపు ఉంటే చాలదు, గట్టు మీదకి రావాలి.

వైండింగ్‌షాపు
గట్టు మీద తడికాళ్లతో 415 వోల్టుల్లో వేలాడే గాజు బల్బు పట్టుకోమని చెప్పేవాడితో నాకు మాటలేమిటి. వైరు కొసలు ఎలా ఉండాలో చెప్పావా? హోల్డరు దేంట్లో పెట్టాలో చెప్పావా?

రెండుబల్బులు
చెబుతా వినండి. హోల్డర్లు రెండూ ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. వైరు కొసలకి ఇన్సులేషన్ ఉన్న ప్రోబులు, వాటి మొన 4 మి.మీ. కంటే బయటకి కనబడకూడదు. ఒక చెయ్యి వెనక్కి. కాళ్ల కింద పొడి చెక్క. ఇది తెలియనివాడు స్టార్టర్ డబ్బా ముట్టుకోకూడదు, బల్బయినా టెస్టరయినా.

నల్లటేపు
ఇద్దరూ చల్లారండి. ఆయన అడిగింది జేబులో పట్టేవి. బల్బుల డబ్బా జేబులో పడుతుందా?

సంచీటీచర్
😀

చాకుపిడి
మల్టీటూల్ గురించి నేను చెబుతా, ఎవరూ చెప్పేట్టు లేరు. రెండు వేలకి మంచి ప్లేయర్ ఉన్న మల్టీటూల్ రావడం కష్టం. తక్కువ ధరవాటిలో కీలు రివెట్టు వదులై దవడలు అడ్డంగా జరుగుతాయి. అప్పుడు సన్న వైరు పట్టదు, బైండింగ్ వైరు తెగదు. ఇంకో లోపం, వీటి పిడి మొత్తం లోహమే. కరెంటు పని దగ్గర దాన్ని బయటకి తియ్యొద్దు. పెద్ద కంపెనీవి కూడా అంతే.
దానికి బదులు విక్టోరినాక్స్ క్యాడెట్ లాంటి పలచటి మడత చాకు (మడిస్తే 84 మి.మీ.), ఆరంగుళాల ఇన్సులేటెడ్ ప్లేయర్ విడిగా చూడండి. చాకులో డబ్బా మూత తీసే పలుగు కొస ఉంటుంది చూశారూ, అది చిన్న ప్లస్ స్క్రూలకి కూడా సరిపోతుంది. కర్ర పిడి ఉన్న ఫ్రెంచి చాకులు ఫొటోలో బాగుంటాయి గానీ మన వానాకాలం తేమకి కర్ర ఉబ్బి బ్లేడుని బిగించేస్తుంది.
తుప్పు విషయానికొస్తే స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని కాదు, ఆలస్యంగా పడుతుందని. అంతర్వేది వైపు తిరిగొస్తే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కీలులో ఒక్క చుక్క మిషన్ నూనె వెయ్యండి.

కొబ్బరిమడి
మిషన్ నూనె ఎందుకండీ, కోనసీమలో ఉండి! ఇంట్లో కొబ్బరినూనె చాలు. ఆ చాకుతోనే మామిడికాయ కోసుకుంటాం, మిషన్ నూనె కడుపులోకి పోదూ?

చాకుపిడి
బ్లేడుకి కొబ్బరినూనె రాసుకోండి, కాదనను. కీలులో మాత్రం వద్దు. 24 డిగ్రీల కిందకి దిగితే గడ్డకడుతుంది, ధనుర్మాసం పొద్దున్నే తీస్తే చాకు మొరాయిస్తుంది. దుమ్ముతో కలిసి జిడ్డుముద్ద కూడా అవుతుంది.

కొబ్బరిమడి
ధనుర్మాసం ఎన్నాళ్లుంటుంది మాస్టారూ. మిగతా పదకొండు నెలలూ మాదే పైచెయ్యి ఆయ్.

లంకలోరెంచి
పోలీసుల సంగతి అడిగారు కదా. మడత చాకుకి ఏమీ కాదు అంటారు. నిజమేనా?

చాకుపిడి
ఆయుధాల చట్టం 1959ది, నియమాలు 2016వి. 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ మించిన బ్లేడు ఆ లెక్కలోకి వస్తుంది, ఇంటికీ వ్యవసాయానికీ పరిశ్రమకీ చేసినవి మినహాయింపు. మీ చాకు మూడంగుళాలు కూడా ఉండదు. అయితే సభకో తీర్థానికో వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోకండి, గేటు దగ్గర తీసేసుకుంటే తిరిగి రాదు. మధురపూడిలో (రాజమండ్రి విమానాశ్రయం) విమానం ఎక్కితే లగేజీలో వేసెయ్యాలి, చేతిసంచిలో కాదు.

పన్నెండుపదమూడు
చాకు గోల అయ్యిందా? బండి క్లచ్ కేబుల్ తెగితే ఏం చేస్తారో ఒక్కరూ చెప్పలేదు. ఎలక్ట్రికల్ షాపులో 30 ఆంపియర్ల కనెక్టర్ స్ట్రిప్ అడగండి. ప్లాస్టిక్ కోసేస్తే లోపల ఇత్తడి గొట్టం, రెండు స్క్రూలు. ఒక్క ముక్క పర్సులో పడేసుకోండి.
కేబుల్ సాధారణంగా లీవరు దగ్గర, దాని కొసనుండే లోహపు గుండు పక్కనే తెగుతుంది. అడ్జస్టర్లు రెండూ పూర్తిగా లోపలికి తిప్పేయండి, అప్పుడే తీగ కాస్త మిగులుతుంది. చీలిన పోగులు కత్తిరించి, లీవరు బెజ్జంలోంచి దూర్చి, గుండు ఉండాల్సిన చోట ఇత్తడి ముక్క ఎక్కించి, స్క్రూలు రెండూ బిగించాలి. అరంగుళం తోక వదలండి. ఒక స్క్రూతో సరిపెడితే జారుతుంది. ఇంటిదాకా వస్తుంది, అంతకు మించి నమ్మొద్దు. బ్రేకు కేబుల్‌కి మాత్రం ఈ పని చెయ్యనే చెయ్యొద్దు.

హాక్సాముక్క
ఫెవిక్విక్ మీద చిటికెడు తినేసోడా వేస్తే రాయిలా గట్టిపడుతుంది, అది కూడా రాసుకోండి. విరిగిన ప్లాస్టిక్ మూలకి పనికొస్తుంది. దూదితో తుడవొద్దు, వేడెక్కి పొగ వస్తుంది, చెయ్యి కాలుతుంది.

గట్టుమీదబండి
టార్చి?

నల్లటేపు
తలకి పెట్టుకునేది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఛార్జింగ్ బెజ్జానికి రబ్బరు మూత గట్టిగా ఉన్నది చూసుకోండి, మన తేమకి ముందు పోయేది ఆ పిన్నులే.

లంకలోరెంచి
రెండుబల్బులు గారూ, ఇప్పుడు షాపుల్లో అన్నీ ఎల్ఈడీలే. టెస్ట్ ల్యాంపుకి అవి పెట్టొచ్చా?

రెండుబల్బులు
వద్దు. ఎల్ఈడీ లోపల డ్రైవరు ఉంటుంది, వోల్టేజి తగ్గినా వెలుగు తగ్గకపోవచ్చు. సిరీస్‌లో పెడితే రెండూ సమానంగా పంచుకోవు కూడా. ఫిలమెంటువే వెతకండి, 40 వాట్లు చాలు, కానీ రెండూ ఒకటే ఉండాలి. 40 ఒకటి, 100 ఒకటి కలిపితే 40 దాని మీద దాదాపు 300 వోల్టులు పడి మాడిపోతుంది.

వైండింగ్‌షాపు
ఇది మాత్రం సరిగ్గా చెప్పాడు.